మూడు ప్లేట్లు, సీలు వేసిన కవరు

2019 ఫిబ్రవరి 12, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటలు. హాజరైనవారు: డాక్టర్ వసుంధర గారు (ప్రొఫెసరు, పరిశోధనకు గైడు), కెజియా (పరిశోధక విద్యార్థిని, నాలుగో సంవత్సరం), నేను (సీనియర్ టెక్నికల్ ఆఫీసరు). పని: కోడు కవరు విప్పడం.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నెల్లూరులోని ఒక వైద్య కళాశాలలో కణాలను పెంచే ప్రయోగశాల చాలా ఏళ్లు నా బాధ్యతలో ఉండేది. మనిషి శరీరం నుంచి తీసిన కణాలకు వేళకు ఆహారం మార్చడం, ఒంటి వేడికి సమానమైన వేడిలో ఉంచడం, వాటిలో బూజు చేరకుండా చూడడం నా ఉద్యోగం. ప్రయోగం ఏది చేయాలో ప్రొఫెసర్లు నిర్ణయిస్తారు. అది జరిగే చోటు శుభ్రంగా, నమ్మదగ్గదిగా ఉండేలా చూడవలసింది మేము.

కెజియాది కోవూరు. ఆమె పని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద. ఆ జబ్బు పుట్టిన చోటే ఉండిపోతే చాలావరకు నయం చేయవచ్చు. అక్కడి నుంచి కదిలి పక్క అవయవాలకు పాకినప్పుడే చేయి దాటుతుంది. ఆ కణాలకు కదిలే శక్తి ఎక్కడి నుంచి వస్తోందన్నది ఆమె ప్రశ్న. రోగులు ఇచ్చిన కణితి ముక్కల్లో ఒక జన్యువు అవసరానికి మించి పనిచేస్తున్నట్టు ఆమె ముందే గమనించింది. అక్షరాలు, అంకెలు కలిసిన దాని పేరు నాకు నోరు తిరిగేది కాదు. డైరీలో ‘ఏడో నంబరు’ అని రాసుకునేవాడిని.

ఏడో నంబరును మాట్లాడకుండా చేస్తే కణం ప్రయాణం ఆగుతుందా? దానికి వాడే పద్ధతిని జీన్ సైలెన్సింగ్ అంటారు. జన్యువు మూల పుస్తకం లాంటిది, అది కణం నడిమి గదిలోనే ఉంటుంది. పని జరగాలంటే దాని నకలు ఒకటి బయటకు రావాలి. ఆ నకలుకు సరిగ్గా అతుక్కునే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను మనం లోపలికి పంపితే, కణం తన కత్తెరతోనే ఆ నకలును కత్తిరించేస్తుంది. పుస్తకం చిరగదు, అందులోని ఆజ్ఞ మాత్రం చేరదు. ఆ ముక్కను కణంలోకి మోసుకుపోయేది కొవ్వుతో చేసిన ఒక ద్రవం.

ప్రతి ప్రయోగానికీ మూడు ప్లేట్లు. ఒకదానిలో ఏడో నంబరు నకలును పట్టే ముక్క. రెండోదానిలో అంతే పొడవున్న, ఏ జన్యువుకూ సరిపోని ఉత్త ముక్క. మూడోదానిలో ఏమీ ఉండదు. ఆపైన మూడు ప్లేట్ల కణాలనూ సన్నని రంధ్రాలున్న పొర మీద పోసి, ఎన్ని కణాలు అవతలికి దాటాయో ఊదారంగు అద్ది, మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. లెక్కపెట్టేవారికి ఏ ప్లేటు ఏదో తెలియకూడదన్నది మా ప్రయోగశాలలో నేను పెట్టిన నియమం. ప్లేట్లకు కోడు వేసి, ఆ కాగితాన్ని కవరులో పెట్టి సీలు వేసి నా బీరువాలో ఉంచేవాడిని.

సెప్టెంబరులో, అక్టోబరులో చేసిన రెండు ప్రయోగాలూ ఒకే మాట చెప్పాయి. ఏడో నంబరును అణచిన ప్లేటులో పొర దాటిన కణాలు బాగా తగ్గాయి. మిగతా రెండింటిలో తగ్గలేదు. జనవరి చివర్లో చేసిన మూడో ప్రయోగం కవరే ఆ మంగళవారం విప్పాం. అణచిన ప్లేటులో కణాలు తగ్గాయి. ఉత్త ముక్క వేసిన ప్లేటులోనూ దాదాపు అంతే తగ్గాయి. ఏమీ వేయని ప్లేటులో మాత్రం తగ్గలేదు. అంటే తగ్గుదల ఏడో నంబరు వల్ల కాదు. అలాంటప్పుడు మొదటి రెండు ప్రయోగాలను మాత్రం ఎలా నమ్మడం?

మర్నాడు పది గంటలకు డాక్టోరల్ కమిటీ. కెజియాకు నాలుగేళ్ల గడువు జూన్‌లో ముగుస్తుంది. కమిటీ ఒప్పుకుంటేనే సిద్ధాంత గ్రంథం రాయడం మొదలుపెట్టాలి. వసుంధర గారు రేపటికి మొదటి రెండే చూపించమని, మూడోది తీరిగ్గా మళ్లీ చేద్దామని అన్నారు. ఆమె చెడ్డ మనిషి కారు. విద్యార్థి నష్టపోకూడదని అన్న మాట అది. కెజియా కాగితం తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లింది.

మూడు గంటల ప్రాంతంలో అంకమ్మ వచ్చింది. ముత్తుకూరు వైపు పల్లెలో వాళ్లది చేపలు పట్టే కుటుంబం. రెండేళ్ల కిందట ఆమెకు ఇదే జబ్బుకు ఆపరేషన్ అయింది. ఆమె కణితి ముక్క ఒకటి ఆమె సంతకంతో మా ఫ్రీజరులో ఉంది. చెకప్‌కు వచ్చినప్పుడల్లా మా గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, “నా ముక్క ఏమంటా ఉంది?” అని అడిగి వెళ్లేది. సైలెన్సింగ్ గురించి కెజియా ఆమెకు ఒకసారి వివరించినప్పుడు, “అంటే సరంగును పడవలోంచి దించలా. ఆయన చెప్పేది కిందోళ్లకి ఇనపడకుండా చేసినారు, అంతేనా?” అంది. అంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ఆ రోజు కెజియా దాచకుండా చెప్పింది. “బాగా రాలేదక్కా. ముందు చెప్పింది నిజమో కాదో ఇప్పుడు నాకే తెలీడంలా.”

“అయితే మానేస్తావా?”

“మళ్లీ చేస్తా.”

“చెయ్యి. నాకు మంచి మాటే చెప్పాలని చూడమాక. ఉండేది చెప్పు,” అని అంకమ్మ బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. కెజియా కంప్యూటరు ముందు కూర్చుని మూడో ప్రయోగం స్లైడును అన్నిటికంటే ముందుకు జరిపింది. పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఆ ప్రయోగం ఎందుకు చెడిందో అప్పటికి ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్లి, అక్టోబరుకూ జనవరికీ మధ్య ప్రయోగశాలలో ఏం మారిందో డైరీలో వెతికాను. ఇంక్యుబేటరు వేడి మారలేదు. కణాలకు వేసే ఆహారం అదే కంపెనీది. నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు కరెంటు లేని పేజీ దగ్గర ఆగాను. జనరేటరు లైను ఒక్క ఫ్రీజరుకే ఉండేది. రోగుల ముక్కలు కరిగిపోతాయన్న భయంతో అన్నీ అందులోకి మార్చాను. నా చేతిరాతలో ఇలా ఉంది: ‘రెండో ఫ్రిజ్‌లోని సీసాలు కూడా ఫ్రీజరులోకి చేర్చితిని.’ ఆ సీసాల్లో కొవ్వు ద్రవం ఒకటి. దాన్ని చల్లగా ఉంచాలి గానీ గడ్డకట్టించకూడదు. గడ్డకట్టి కరిగితే చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. పని మాత్రం చెడుతుంది, కణాలకు హాని కూడా చేయవచ్చు. అప్పుడు ఏ ముక్క వేసినా పొర దాటే కణాలు తగ్గుతాయి. రెండు రోజుల తర్వాత దాన్ని నేనే తిరిగి ఫ్రిజ్‌లో పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని నాకు తోచలేదు.

మర్నాడు ఉదయం ఏడున్నరకే వెళ్లాను. కెజియా అప్పటికే వచ్చి ఉంది.

“ఏంది సార్ ఇంత పొద్దున్నే? కణాలు ఏడ్చినాయా?”

డైరీ ఆమె ముందు పెట్టాను. చదివింది. మళ్లీ చదివింది. “అంకమ్మక్క ముక్కను కాపాడినారు, నా సీసాను గడ్డ కట్టించినారు,” అంది. “మిమ్మల్ని తిట్టాల్నో దండం పెట్టాల్నో అర్థం కావడంలా సార్.”

ముందు తిట్టమన్నాను. నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది. ఇక మొదటి రెండు ప్రయోగాలూ నిలబడతాయి కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “సీసా వల్లే అనేది మన అనుమానం సార్. రుజువు కాలా. అనుమానం అనే చెప్తా.”

స్లైడ్ల వరుస మార్చలేదు. పది గంటలకు కమిటీ ముందు, ఫలితం చెడిన ప్రయోగంతోనే మొదలుపెట్టి, నా డైరీ పేజీ చూపి మా అనుమానమూ చెప్పింది. బయటి నుంచి వచ్చిన సభ్యులొకరు ఆ డైరీ ఎవరిదని అడిగితే, వెనక కూర్చున్న నేను లేచి నిలబడ్డాను. గడ్డకట్టించరాదని సీసా మీద రాసి ఉంటుంది, మీరు చదవలేదా అన్నారు. చదివానన్నాను. అప్పుడు వసుంధర గారు, ఈ మూడోదాన్ని పక్కన పెట్టమని తన విద్యార్థినికి చెప్పింది తానేనని, ఆమె వినకపోవడం మంచిదైందని, అందరి ముందూ అన్నారు. నా ఉద్యోగంలో ఒక ప్రొఫెసరు నోట అలాంటి మాట విన్నది ఆ ఒక్కసారే.

కమిటీ గడువును ఆరు నెలలు పెంచింది. కొత్త సీసాతో, ఏడో నంబరు నకలునే మరోచోట పట్టే ఇంకో ముక్కతో కూడా ప్రయోగం మళ్లీ చేయమంది. పదకొండు నలభైకి కెజియా గదికి తిరిగి వచ్చి చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుంది. నేను పాత సీసాను చెత్తడబ్బాలో వేయబోతే ఆపింది. “ఉంచండి సార్. కొత్తదాని పక్కన దీన్ని పెట్టి చూస్తేనే గదా తెలిసేది.” దానికి లేబులు రాసి, కొత్త కోడు కాగితాన్ని కవరులో పెట్టి సీలు వేశాను. ఏడో నంబరు నోరు మూస్తే కణాల ప్రయాణం నిజంగా ఆగుతుందో లేదో ఆ ఉదయానికి మా ఎవరికీ తెలియదు.

ఆ రోజు నేర్చుకున్నది ఇది. ఉత్త ముక్క వేసిన ప్లేటు ప్రయోగానికి అలంకారం కాదు. మనం కోరుకున్న జవాబును కాదనే హక్కు దానికి ఇవ్వాలి. ప్రయోగశాలలో ఏ వస్తువు స్థలం మారినా, ఎంత మంచి ఉద్దేశంతో మార్చినా, వాడేవారికి చెప్పాలి. డైరీలో రాసుకోవడం చెప్పడం కాదు.