బీడీల చాట మీద సముద్రం

సరుకు ఓడలో ఉద్యోగానికి చేరిన మా బిడ్డ నిన్న ఫోన్లో సముద్రం చూపించింది. ఆనందం పట్టలేకపోతున్నాను మిత్రులారా. ఆ నీళ్లు చూడగానే ఎల్లారెడ్డిలో మా అవ్వ, అంటే అమ్మ, బీడీల చాట గుర్తొచ్చింది. మీ ఇండ్లలోనూ ఉండేది కదా, తునికాకు వాసనతో?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి ఓడ ఇంజన్లో బొగ్గు వేసిన మా నాన్న, మా బాపు, ఆ చాటనే ఓడగా చేసి చెబుతుంటే నోరు తెరిచి వినేవాణ్ణి.

"దోస్తు జెండా కట్టుకొని ఒక జర్మనోళ్ల ఓడ వచ్చింది. దగ్గరికొచ్చినంక పక్క చెక్కలు దించితే లోపలంత ఫిరంగులే."

"నీ యుద్ధంల నా ఆకు ఆగమైతది, చాట ఇటియ్యి," అనేది అవ్వ.

"నిన్ను ముంచిండ్రా బాపూ?" అని అడిగేవాణ్ణి.

"మా ఓడను ముంచిండ్రు. నీళ్లల్ల పడ్డ నన్ను ఆ ఓడల ఒక జర్మనోడే చెయ్యి పట్టి పైకి గుంజిండు."

అప్పటికి నేను పుట్టనే లేదు. పేరైనా తెలియని ఆ శత్రువు చేయి వదిలేసి ఉంటే, ఈ నాలుగు మాటలు రాసేవాడే లేడు.