చెరిగిపోయిన ఫిర్యాదు

రిటైరవడానికి ఏడాది ముందు నన్ను తిరుపతిలో ఒక అత్యవసర సేవల కంట్రోల్ రూముకి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను టెలికం శాఖలో డివిజనల్ ఇంజినీరుని. వినలేనివాళ్లు ఫోనులో రాతతోనే సాయం అడిగే పద్ధతిని ప్రయోగాత్మకంగా నడిపించడం అక్కడ నా పని. దాన్ని రియల్ టైమ్ టెక్స్ట్ అంటారు. మామూలు మెసేజి రాశాక పంపడానికి ఒక బటన్ నొక్కాలి. ఇందులో ఆ బటనే ఉండదు. అవతల టైపు చేస్తున్న అక్షరం అప్పటికప్పుడే మా తెర మీద పడుతుంది. వాళ్లు చెరిపితే, చెరపడమూ కనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆ సీటులో షంషాద్ ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ చకచకా టైపు చేసే ఆపరేటరు. ఉన్నట్టుండి నన్ను తొందరగా రమ్మని పిలిచింది.

"సార్, బిన్నా ఈడికి రాండి. రాసింది వెనక్కి పోతాండాది."

'మా బావ కొడతాండాడు. గదిలో ఏసి తా' అన్నంతవరకూ వచ్చి ఆగిందట. నేను వెళ్లేసరికి 'మా బావ కొడ' మిగిలింది. నా కళ్ల ముందే అదీ పోయింది. కాసేపు ఖాళీ తెర. తర్వాత కొత్త వాక్యం: 'ఏం లేదు. పిల్లోళ్లు నొక్కినారు. సారీ.'

ఉద్యోగమంతా తెగిన లైన్లు చూశాను కానీ, ఒక మనిషి నోరు నొక్కేయడం చూడటం అదే మొదలు.

"ఇది ఆయమ్మ రాసింది కాదు సార్. ఎవురో ఫోను గుంజుకున్నారు" అంది షంషాద్.

ఫోను చేసినవారే పొరపాటు అంటే కేసు మూసేయవచ్చని నిబంధన. మేము మూయలేదు. అవతలివాడికి అనుమానం రాకుండా షంషాద్ 'సరేనండి' అని రాసింది. ఈలోగా నెట్‌వర్క్ ద్వారా ఫోను ఉన్న చోటు తెలుసుకుని, పెట్రోలింగ్ బండిని పంపాం. పుత్తూరు దారిలో ఒక పల్లె అది.

ఆమె పేరు రేవతి. పుట్టుచెవుడు. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. భర్త చెన్నైలో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. పోలీసులు వెళ్లేసరికి గదికి బయటి నుంచి తాళం వేసి ఉంది. లోపల ఆమె, కుడి మణికట్టు విరిగి, పడి ఉంది. ఆ బావ, అంటే భర్తకు అన్న, గుమ్మంలోకి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడట. "మా మరదలు సార్. చెవుడు. మతి గూడా సరిగా లేదు. ఏం కావాల్నో నన్నడగండి, నేను చెప్తా."

మరునాడు ఆస్పత్రి దగ్గర హెడ్ కానిస్టేబుల్ చెప్పిన మాట నన్ను అంతకన్నా నిర్ఘాంతపరిచింది.

"ఈయమ్మ ముందే స్టేషనుకి వచ్చింది సార్. ఏడస్తా ఏందేందో సైగలు చేసింది. ఎనకాలే వచ్చి, పక్కన నిలబడి అర్థం చెప్పినోడు ఆ బావే. మొగుడు ఊరికి రాలేదని బెంగ అన్నాడు. మేము నమ్మినాము."

వాంగ్మూలం ఆస్పత్రి గదిలో, రాతలోనే తీసుకున్నారు. అప్పుడు స్టేషనులో ఏం చెప్పావని ఎస్సై టైపు చేసి చూపించాడు. ఆమె ఎడమ చేత్తో మెల్లగా రాసింది: 'కొడతాడనే చెప్పినాను. ఆయన మీకేం చెప్పినాడో నాకు వినపడదు కదా.'

ఆ గదిలో ఎవరమూ తలెత్తలేకపోయాం.

బావను రిమాండుకి పంపారు. భర్త పరుగున వచ్చాడు. ఆమెకు మతి సరిగా లేదని అన్న చెప్పిందే తనూ నమ్మానని ఒప్పుకున్నాడు. చేతికట్టు విప్పాక రేవతి పాకాలలో పుట్టింటి దగ్గర కుట్టుమిషను పెట్టుకుంది.

ప్రయోగం ముగిశాక ఇచ్చిన నివేదికలో సాంకేతిక విషయాలకన్నా ముందు రెండు నిబంధనలు రాశాను. రాసి చెరిపినది కూడా ఫిర్యాదే, మనిషిని స్వయంగా చూడకుండా దాన్ని మూయకూడదు. వినలేనివారి మాటను ఇంటివాళ్ల నోట వినకూడదు. రాతలోనో, బయటి నుంచి పిలిపించిన సైగల అనువాదకుల ద్వారానో వారినే అడగాలి. అంతవరకూ నేను ఈ పద్ధతిని ఒక సౌకర్యం అనుకున్నాను. తోడు వచ్చిన మనిషే మాటకు అడ్డు పడగలడని, ఆ మనిషి అవసరం లేని లైను ఇవ్వడమే మా పని అని అక్కడ నేర్చుకున్నాను.