ఒంటిగంట నుంచి నాలుగు దాకా

వృద్ధాశ్రమంలో అందరూ ఆమెను పెద్ద ఆయా అనేవారు. పదహారేళ్లుగా అక్కడే పని. వట్టి పిరికిది. లిఫ్టు ఎక్కాలంటే భయం, మేనేజరు గదిలో ఫోను మోగితే భయం, చీపురు కిందపడ్డా ఉలిక్కిపడేది. "భయపడటంలో నీకు ఫస్టు క్లాసు ఇవ్వొచ్చే" అని మూడో మంచం మీది రిటైరైన పంతులమ్మ ఆటపట్టించేది. కానీ మంచం పట్టినవాళ్లను నొప్పి తెలియకుండా పక్కకు తిప్పి ఒళ్లు తుడవటంలో ఆమెకు ఆమే సాటి. తొమ్మిదేళ్ల కిందట చేరిన చిన్న ఆయాకు పని నేర్పింది కూడా ఆమే. పనితోపాటు ఆమె ఊతపదమూ చిన్న ఆయాకు అంటుకుంది. మాటకు ముందొకసారి, వెనకొకసారి ఇద్దరూ "నా మీద ఒట్టు" అనేవారు.

ఒకరోజు, అక్కడ చనిపోయిన ఒక ముసలావిడ సామాను తీసుకెళ్లడానికి ఆవిడ మనవరాలు వచ్చింది. బట్టల సంచీ, కళ్లజోడు అందుకుంటూ అడిగింది.

"మా అమ్మమ్మ చేతుల మీద ఆ మచ్చలేంటి పిన్నీ?"

పెద్ద ఆయా వినపడనట్టు బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. ఆ అమ్మాయి వదల్లేదు. వారం రోజులపాటు సాయంత్రం బస్‌స్టాపులో ఆమె పక్కనే కూర్చుంది. గొడవ పెట్టుకోలేదు, తనేం చేస్తుందో మాత్రం చెప్పింది. నాటకాలు రాస్తుందట.

"రాజులూ యుద్ధాలూ కాదు పిన్నీ. పోయినేడాది నీళ్లు రాని అపార్టుమెంటు మీద రాశాను. అంతకుముందు పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్ల మీద. జనం తలుపులేసుకుని గుసగుసలాడుకునేవే మేం స్టేజీ మీద గట్టిగా మాట్లాడతాం."

"నన్నెవరైనా గుర్తుపడితేనో?"

"మీ పేరుండదు, ఊరుండదు. మాట ఇస్తున్నా."

ఎనిమిదో రోజు పెద్ద ఆయా నోరు విప్పింది. అమ్మాయి ఫోనులో రికార్డు చేసుకుంది. నలభైమంది ముసలివాళ్లకు ఇద్దరే ఆయాలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ ఇద్దరూ కింద బట్టలు ఉతకాలి, వంటింట్లో గిన్నెలు తోమాలి. ఆ సమయంలో పైన ఎవరైనా మంచం దిగి పడితే తప్పు ఆయాలదే. అందుకని పాత దుప్పట్లు పేలికలుగా చింపి వాళ్ల చేతులు మంచం పట్టీకి కట్టేవారు.

"కట్టమన్నది మేనేజరుగారే. కానీ కట్టింది నేనే కదమ్మా. నా మీద ఒట్టు, ఎప్పుడూ గట్టిగా బిగించలేదు" అని మణికట్టుతో ముక్కు తుడుచుకుంది. ఎప్పుడూ తడిచేతులతో ఉండే మనిషికి అదొక అలవాటు.

నాలుగు నెలలు గడిచాయి. ముసలివాళ్ల మీద ఏదో మంచి నాటకం వచ్చిందని విని, మేనేజరే సిబ్బందిని బయల్దేరదీశాడు. పెద్ద ఆయాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒంట్లో బాగాలేదంటే ఆయన వినలేదు.

చిన్న హాలు. తెర లేదు. మధ్యలో ఒక ఇనుప మంచం, అంతే. ఒక నటి వచ్చి మంచం అంచున కూర్చుని దుప్పటి చింపడం మొదలుపెట్టింది. అందరూ నిశ్శబ్దంగా ఉన్నచోట ఆ పర్రుమనే చప్పుడు పెద్ద ఆయా వెన్నులో పాకింది. అప్పుడు నటి తలెత్తి, "నా మీద ఒట్టు, ఎప్పుడూ గట్టిగా బిగించలేదు" అంది. అని మణికట్టుతో ముక్కు తుడుచుకుంది.

పెద్ద ఆయాకు ముచ్చెమటలు పట్టాయి. ముక్కు మీద చెమట జారుతున్నా చెయ్యెత్తి తుడుచుకునే ధైర్యం లేక చేతులు ఒళ్లో బిగబట్టుకుంది. చుట్టూ జనం కళ్లొత్తుకుంటున్నారు. రెండు కుర్చీల అవతల మేనేజరు మొహంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. చివర్లో దర్శకుడు ముందుకొచ్చి, ఇందులో ప్రతి మాటా ఒక నిజమైన మనిషి చెప్పిందేనని అన్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కూర్చునే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున మేనేజరు పిలిపించింది చిన్న ఆయాను. పావుగంటకు ఆమె ఏడుస్తూ బయటికొచ్చింది.

"ఆ మాటలన్నీ నావేనట అక్కా. రోజుకు వందసార్లు ఒట్టేసేది నువ్వేగా అంటున్నాడు. సోమవారం నుంచి రావద్దన్నాడు. ఆ నాటకం రాసినమ్మాయి మొహం కూడా నేను చూడలేదు, నా మీద ఒట్టు!"

పెద్ద ఆయా ఆ రోజు నోరు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. రెండుసార్లు ఆఫీసు గది దాకా వెళ్లి, లోపల ఫోను మోగేసరికి వెనక్కి వచ్చేసింది. నాటకాల అమ్మాయికి ఫోను చేస్తే, "నేనొచ్చి చెప్తాను పిన్నీ" అంది. "వద్దమ్మా, నువ్వొస్తే ఇంకా భయం" అని పెట్టేసింది.

మూడోరోజు భోజనాలయ్యాక, చేతిలో పేలికలు పట్టుకుని పంతులమ్మ మంచం దగ్గరికి వెళ్లింది. పంతులమ్మ అలవాటుగా తనే చేతులు ముందుకు చాపింది. పెద్ద ఆయా చాపిన ఆ చేతుల్ని చూసింది. పేలికలు అక్కడే పడేసి తిన్నగా ఆఫీసు గదిలోకి నడిచింది.

"ఆ మాటలు నావి సార్."

"ఏ మాటలు?"

"నాటకంలోవి. దానికేం తెలీదు. చెప్పింది నేను."

మేనేజరు నవ్వాడు. "నువ్వా? చీమను చూస్తే జడుసుకునేదానివి! దాన్ని కాపాడటానికి చెప్తున్నావు."

ఆమె కళ్లనీళ్లు జారుతుంటే, తెలియకుండానే మణికట్టెత్తి ముక్కు తుడుచుకుంది. మేనేజరు నవ్వు ఆగిపోయింది.

"పో. రేపట్నుంచి కనపడకు."

చిన్న ఆయా ఉద్యోగం నిలబడింది. నాటకం చూసిన కొందరు కొడుకులూ కూతుళ్లూ చెప్పాపెట్టకుండా మధ్యాహ్నాలు రావడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా మరో ఇద్దరు ఆయాలను పెట్టుకున్నారు. పెద్ద ఆయా ఇప్పుడు ఒక ఇంట్లో ఒక ముసలాయనకు సేవ చేస్తోంది. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఇప్పటికీ ఎత్తదు.

చాన్నాళ్లకు చిన్న ఆయా చూడ్డానికి వచ్చింది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ అడిగింది.

"ఆ రెండ్రోజులూ ఎందుకు ఊరుకున్నావక్కా?"

"భయమేసిందే" అంది పెద్ద ఆయా.

చిన్న ఆయా మళ్లీ వస్తానని అనకుండానే మెట్లు దిగింది.