స్పీకర్లో పెట్టిన కబురు

మా ఊళ్ళో ఫోను చెవికి ఆనించి గుసగుసలాడితే అదోరకంగా చూస్తారు. విడవలూరు దాటి సముద్రం వైపు వచ్చి, సరుగుడు తోపులు అయిపోయిన చోట ఉంటుంది మా పల్లె. అందరివీ వేట కుటుంబాలే. గాలి లేచిన రోజు బోటు మీద నుంచి ఎవరి ఫోనుకి కబురొచ్చినా అది ఆ ఒక్క ఇంటిది కాదు, ఊరందరిదీ. మోగిన ఫోను మోగినట్టే తీసుకొచ్చి, తుఫాను షెల్టరు మెట్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేస్తారు. అందరూ చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి వింటారు. ఆ అలవాటు ముదిరి ఇప్పుడు నీళ్ళవతల నుంచి వచ్చే ఏ కబురైనా ఆ మెట్ల మీదే వినాలి. చిన్నప్పటి నుంచీ నాకు ఆ మెట్లంటే భయం. ఆ వేసవి తర్వాత ఇంకా భయం.

నేను హైదరాబాదులో యూనివర్సిటీలో అరబ్బీ చదువుతానంటే జనం రెండోసారి అడుగుతారు. చేపలు పట్టే ఇంటి పిల్లకి అరబ్బీ ఏందని. అది మా పిన్నమ్మ పెట్టిన చిచ్చు. అమ్మ చెల్లెలు ఆమె. బాబాయి వేటకి పోయి తిరిగిరాని మరుసటి ఏడు, కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలి, కువైట్లో ఇంటిపనికి పోయింది. అక్కడ ఒకసారి మేడంతో పెద్దాస్పత్రికి వెళితే, ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని మనవాళ్ళు చెప్పేది డాక్టరుకి అరబ్బీలో, డాక్టరు చెప్పేది మనవాళ్ళకి తెలుగులో చెబుతా ఉందంట.

"మెళ్ళో కార్డేసుకోని దర్జాగా కూర్చోనుండాది మే! ఆ కుర్చీలో నిన్ను చూడాల" అంది ఫోన్లో.

నాకు ఇంగ్లీషులో సీటు రాలేదు, అరబ్బీలో వచ్చింది. పిన్నమ్మ మాట పట్టుకుని చేరిపోయాను.

చేరిన రోజు నుంచే వణుకు. క్లాసులో మిగతా వాళ్ళంతా ఆ అక్షరాల మధ్య పెరిగినవాళ్ళు. నేను పద్దెనిమిదేళ్ళ గాడిదనయ్యాక కుడి నుంచి ఎడమకి రాయడం మొదలుపెట్టాను. రాసింది రాసినట్టు చెయ్యి తుడిచేసేది, అరచేతి అంచంతా సిరా. పాత కవిత్వం చెప్పే సారు ఒక్కో పద్యం అయ్యాక కళ్ళద్దాల పైనుంచి చూసి, అర్థమైందా అని అరబ్బీలోనే అడిగేవారు. అందరూ "నఅమ్" అనేవాళ్ళు, అంటే అయిందని. నేనూ అనేదాన్ని. అర్థమై కాదు. కాలేదంటే, నీకీ సీటు ఎవరిచ్చారమ్మా అంటారేమోనని. తర్వాత హాస్టల్ గదిలో డిక్షనరీ ముందేసుకుని, ఏడుస్తూ ఒక్కో మాటా వెతుక్కునేదాన్ని. అట్టా తలూపుకుంటూనే బీఏ అయిపోయింది, ఎంఏలో మొదటి ఏడు కూడా గడిచింది.

చదువు రాలేదని కాదు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ కవిత్వమంటే ప్రాణం అయింది కూడా. ఎడారిలో గుడారాలు ఎత్తేసి మనుషులు వెళ్ళిపోయిన చోటికి కవి వచ్చి, ఆరిపోయిన పొయ్యి రాళ్ళ ముందు నిలబడి ఏడుస్తాడు. మా వాళ్ళు చేపల వెంట వేరే ఒడ్డుకి పోయి, తాటాకు పాకలు వేసుకుని, మళ్ళీ పీక్కుని వచ్చేసినప్పుడు అక్కడ మిగిలేవీ ఆ మూడు రాళ్ళే. అది చదివిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

కానీ దాంతోపాటు పొగరూ వచ్చింది. పిన్నమ్మ ఫోన్లో ఏదైనా అరబ్బీ ముక్క అంటే చాలు, దిద్దేదాన్ని. కువైట్ వంటిళ్ళలో మనవాళ్ళు అర్థం కానప్పుడు "మాఫీ మాలూమ్" అంటారు, నాకు తెలియదు అని. పిన్నమ్మ అది అన్నప్పుడల్లా నేను పడీపడీ నవ్వేదాన్ని.

"అది అరబ్బీనే కాదు పిన్నమ్మా. మా సారు వింటే గుండె ఆగి పోతారు."

"నాకేం తెలుసు తల్లీ, నువ్వు చదువుకున్నదానివి" అనేది ఆమె, నవ్వుతూనే.

ఆ వేసవి సెలవులకి ఇంటికి వచ్చాను. పిన్నమ్మ రోజూ సాయంత్రం కూతురికి ఫోన్ చేస్తుంది. ఆ పిల్ల, నా చెల్లెలు, అప్పుడు ఇంటర్ రెండో ఏడు. నేనొచ్చిన వారానికి ఆ ఫోను ఆగిపోయింది. ఒక రోజు, రెండు రోజులు, ఆరు రోజులు. ఎప్పుడు చేసినా స్విచ్చాఫ్. అమ్మమ్మ అన్నం మానేసింది. ఏడో రోజు పొద్దున్నే చెల్లెలి ఫోనుకి తెలియని కువైట్ నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముప్పావు నిమిషం. ఆడమనిషి గొంతు, అంతా అరబ్బీ. చెల్లెలు వెంటనే ఆ నంబరుకి చేసింది. ఆవిడ ఎత్తి అరబ్బీలో ఏదో అన్నది, ఈ పిల్ల తెలుగులో ఏడ్చింది, ఆవిడ ఫోను పెట్టేసింది.

నెల్లూరు వెళ్ళి కువైట్ తిరిగొచ్చిన వాళ్ళనెవరినైనా అడుగుదామన్నారు ఒకరు. "మన పిల్ల కాలేజీలో అదే చదవతా ఉంటే పరాయోళ్ళని అడగతారా?" అని ఇంకొకరు కసిరారు. ఫోను మెట్ల మీదికి వచ్చింది. నేనూ వచ్చాను. ముప్పై మంది చుట్టూ మూగారు. చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మెసేజ్ మొదలైంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. మా సారు ఒక్కో మాటకీ చివరి అచ్చు దాకా పలికి చదివే భాష వేరు, ఈవిడ గుక్క తిప్పుకోకుండా అనే భాష వేరు. అన్ని మాటలూ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుపోతున్నాయి. రెండోసారి పెట్టమన్నాను. మూడోసారి. గొంతు కోపంగా ఉన్నట్టుంది, కాదు కంగారుగా ఉన్నట్టుంది. ఒంటెకి పాతిక పేర్లు తెలుసే నాకు! ఇసకదిబ్బకి ఎన్నో పేర్లు తెలుసు. అవేవీ అందులో లేవు.

"ఏమంటది అక్కా? అమ్మ ఉండాదా?" అంది చెల్లెలు.

అందరూ నా నోటికేసి చూస్తున్నారు. తెలియదు అనడానికి నోరు తెరిచాను. నాలుగేళ్ళు ఊగిన తల కదా, అదే ముందు ఊగింది.

"ఆ, బాగానే ఉంది. పిన్నమ్మ ఫోను కింద పడి పగిలిందంట. బాగుచేయించాక చేస్తుందంట."

హమ్మయ్య అని ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అమ్మమ్మ అక్కడికక్కడే కూలబడి దండం పెట్టుకుంది. ఎవరో నా వీపు తట్టి, "చదువంటే ఇదీ" అన్నారు. నేను ఆ చెయ్యి తప్పించుకుని ఇంటి వెనక్కి పోయాను.

ఆ తర్వాత నాలుగు రోజులు ఎట్టా గడిచాయో నాకే తెలుసు. మెసేజ్ నా ఫోనుకి పంపించుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒడ్డున బోటు చాటున కూర్చుని వినేదాన్ని. భయంతో వినే చెవికి ఏం వినపడుతుంది, నా బొంద! పిన్నమ్మ చచ్చిపోయిందేమో. పోలీసులు పట్టుకున్నారేమో. ఇల్లొదిలి పారిపోయిందేమో, ఆవిడ మమ్మల్ని తిడుతుందేమో. చెల్లెలు ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకునేదాన్ని. అది మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఫోను బాగుచెయ్యడానికి ఇన్ని రోజులు పడతాదా అక్కా అక్కడ?" అని అడిగేది. పడుతుంది అనేదాన్ని. ఒక అబద్ధం చెప్పాక రెండోది ఎంత సులువుగా వస్తుందో, ఛీ, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది.

యూనివర్సిటీలో ఎవరికైనా పంపొచ్చు కదా? పంపొచ్చు. మా సారుకే పంపొచ్చు. నాలుగేళ్ళు తలూపి ఇప్పుడిది అర్థం కాలేదు సార్ అని ఎట్టా పంపేది? పంపలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండో మెసేజ్ వచ్చింది. చెల్లెలు దాన్ని వెంటనే నాకు పంపించింది. చిన్నది. ఈసారి ఆవిడ కోపంగానే ఉంది, మాటలు విడివిడిగా కొట్టినట్టు అంటోంది. అందులో ఒక మాట నాకు తెలుసు. ముస్తష్ఫా. ఆస్పత్రి. మొదటి మెసేజ్ మళ్ళీ పెట్టాను. అందులోనూ ఉంది ఆ మాట, రెండు సార్లు.

ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి విడవలూరు పోయాను. సెంటర్లో బజ్జీల బండి పెట్టుకున్న ఒకాయన పన్నెండేళ్ళు కువైట్లో డ్రైవరుగా చేసి వచ్చాడని తెలుసు. దారి పొడవునా, దేవుడా బతికుంటే చాలు, బతికుంటే చాలు అనుకున్నాను. బండి దగ్గరికి పోతూనే, ఇందులో ఏముందో చెప్పమన్నాను. ఫోను చేతికిచ్చాను. ఆయన జల్లిగరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, మొదటిది ఒక్కసారి విన్నాడు. ఒక్కటంటే ఒక్కసారి.

"మాట్లాడేది ఆ ఇంటి మేడం. మెట్ల మీద నుంచి జారి పడిందంట మీ మనిషి. కాలిరిగింది. ఆపరేషను చేసినారు, ఇప్పుడు బాగుంది. పడినప్పుడు ఫోను పగిలిపోయిందంట. ఇందులో చెప్పే నంబరు నర్సుదంట, ఆ ఫోను నుంచి మనకి పోదంట, అక్కడ నాలుగింటికి, మనకి ఆరున్నర, అప్పుడు చెయ్యమంటా ఉంది. మనిషి ఒకటే ఏడుపంట, కూతురితో మాట్లాడాలని." రెండోది కూడా విన్నాడు. "ఇందులో తిడతా ఉందమ్మా. నాలుగు రోజుల నుంచి సాయంత్రమైతే నర్సు చేతిలో ఫోనుకేసే చూస్తా ఉందంట ఆమె. కూతురా, రాయా అంటా ఉంది." నా మొహం చూశాడు. "నువ్వా కూతురివి?"

కాదన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన నంబరు కాగితం మీద రాసిచ్చి, మంచినీళ్ళు తాగమన్నాడు.

ఫోను నిజంగానే పగిలింది. అది తలుచుకుంటే ఇంకా భయమేసింది. నా అబద్ధం నన్ను కాపాడడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

ఇంటికొచ్చి, బజ్జీల బండాయన విని చెప్పాడని కాకుండా, కొత్త మెసేజ్‌లో ఈ నంబరు చెప్పారని మాత్రం చెల్లెలికి అన్నాను. కాలి సంగతి పిన్నమ్మే చెప్పుకుంటుందిలే అనుకున్నాను, పిరికిదాన్ని. ఆరున్నరకి ఫోను మెట్ల మీదికి వచ్చింది. జనం చేరారు. చెల్లెలు మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది. రింగయింది. నర్సు ఎత్తి ఇచ్చింది.

"అమ్మా" అంది చెల్లెలు.

అవతల పిన్నమ్మ ఏడుపు. ఆ నాలుగు రోజులూ నేను ఆ గొంతు మళ్ళీ వింటానని అనుకోలేదు. కాలిరిగిన సంగతి ఆమే చెప్పింది. జనం గుసగుసలాడారు. అమ్మమ్మ నాకేసి తిరిగింది.

"బాగుందని చెప్తివే? ఫోను పగిలిందని గదా చెప్తివి?"

పిన్నమ్మకి ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయి ఉంటుంది. వంటిళ్ళలో పదేళ్ళు మొహాలు చదువుకుంటూ బతికిన మనిషి.

"పగిలిందమ్మా, నిజమే" అంది. "పాప సరిగ్గానే చెప్పింది. మీరు కంగారు పడతారని కాలి సంగతి దాచిపెట్టి ఉంటది. దాన్నేమీ అనబాకండి."

అంతటితో అయిపోయేది. అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు కూడా. ముప్పై మంది ముందు, ఫోనుకేసి చూస్తూ అన్నాను. "మాఫీ మాలూమ్ పిన్నమ్మా. ఆరోజు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలియదని చెప్పడానికి భయపడ్డాను. అబద్ధం చెప్పాను."

చెల్లెలు నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. ఫోను తీసుకుని, స్పీకర్ ఆపేసి, చెవికి పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. మా ఊళ్ళో అట్టా ఎవరూ చెయ్యరు. ఎవరూ అడ్డం చెప్పలేదు కూడా. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను మెట్ల మీదే నిలబడ్డాను, కూర్చోవడానికి భయమేసి.

చాలాసేపటికి చెల్లెలు వచ్చింది. నా మొహం చూడకుండా ఫోను చాపింది. "నీతో మాట్లాడాలంట."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

"ఏడవబాక మే" అంది పిన్నమ్మ. "నేనూ వచ్చిన కొత్తల్లో ఆ రెండు ముక్కలు చెప్పుకోనే బతికినా. సిగ్గేముండాది అందులో? ఆ కుర్చీలో అమ్మాయి చెప్తినే, ఆ పిల్ల లీవులో ఉండాదంట, నేను ఈ ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి లేదు. నాకు డాక్టరు మాట ఒక్కటీ తెలియలా. ఈ నర్సుకి మాత్రం రోజూ చెప్పుకుంటా ఉండినా. మా పాపకి మెసేజి పోయింది, అది మీ భాషే చదవతా ఉంది, ఈ సాయంత్రం తప్పకుండా ఫోన్ చేయిస్తాది చూడు అని."