అచ్చు ఆయనే

ఈ రోజు నారాయణఖేడ్ వెళ్లాను. క్యాన్సర్ పట్టిన దవడను తీసేశాక, ఆ మనిషికే సరిపోయేలా లోహపు దవడ తయారుచేయడం మా పరిశోధన. ఆపరేషన్‌కు ముందు మా రోగి మల్లయ్య కొలతలు మరోసారి చూద్దామని వెళ్తే, బస్టాండుకు ఆయన భార్య ఒక్కతే వచ్చింది. మొన్ననే పోయాడట.

ఆయన ముఖానికి తీసిన ప్లాస్టర్ ముక్కను సంచిలోంచి తీసి, "ఇది అచ్చు" అన్నాను.

"అవు సారూ, అచ్చు ఆయనే! ఇంట్ల ఫోటో సుత లేదు. గిది నాకియ్యి."

"ఇందులో పెదాలూ గడ్డమే ఉన్నాయమ్మా, కళ్లు లేవు."

"నవ్వేది గీడనే గద!"

అచ్చులు బయటివాళ్లకు ఇవ్వకూడదు. సాయంత్రం రిజిస్టరులో "దారిలో పగిలింది" అని రాశాను. మీరైతే ఏం రాసేవారు?