ఆ రెల్లు కోసింది నేనే

ఇరవై ఏళ్లుగా నాకు పెళ్లి ఫొటోలే బతుకుతెరువు. తణుకు దగ్గర ఊళ్లో చిన్న స్టూడియో. తలంబ్రాలప్పుడు ఎవరు ఎప్పుడు నవ్వుతారో కళ్లు మూసుకుని చెప్పగలను. అలాంటి నాకు నలభై దాటాక నక్కల పిచ్చి పట్టుకుంది.

మా ఇంటి వెనక నుంచే చేపల చెరువులు మొదలవుతాయి. రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక పొద్దున మేడ మీద కొత్త లెన్సు చూసుకుంటుంటే, చెరువు గట్టు మీద ఒక నక్క తీరిగ్గా నడిచి వెళ్తోంది. మా ఆవిడని పిలిచి చూపించాను. "పొద్దున్నే నక్కని చూశారు. ఇంక మీ పంట పండినట్టే" అంది నవ్వుతూ. నేను మాత్రం మర్నాడే కెమెరా భుజాన వేసుకుని గట్టెక్కాను.

వారం రోజులు తిరిగినా దాని తోక కూడా దొరకలేదు. ఆ చెరువులకి కాపలా ఉండే ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. యాభై ఏళ్ల మనిషి, చేపలు పట్టే కుటుంబం. భర్త పోయాక గట్టు మీద రేకుల షెడ్డులో ఒక్కతే ఉంటోంది. నేను అక్కా అనేవాణ్ణి. ఆవిడ నన్ను ఫొటోగారూ అనేది.

"ఆ తెల్లచొక్కా ఏంటండీ ఫొటోగారూ, పెళ్లికొచ్చినట్టు!" అంది ఒకరోజు. "సెంటు కూడా కొట్టుకొచ్చారు. గాలి మీ వైపు నుంచి దాని వైపు పోతోందండి. మీరు రాకముందే మీ కబురు దానికి అందిపోతోంది."

నాకు నక్కల గురించి తెలిసిందంతా ఆవిడ చెప్పిందే. గాలికి ఎదురుగా కూర్చోవాలి. మట్టిరంగు బట్టలు కట్టుకోవాలి. రోజూ ఒకే వేళకి, ఒకే చోటుకి వెళ్లాలి. నాలుగు రోజులకి మనం కూడా గట్టు మీద ఒక మొద్దులాగా దానికి అలవాటైపోతాం. వెంటపడకూడదు. వెళ్లిన దారినే తిరిగొస్తుంది కాబట్టి ఆ దారి కనిపెట్టుకుని కూర్చోవాలి. వీటికి నేను కలిపింది కొంచెమే: కెమెరా దాని కళ్ల ఎత్తులో ఉండాలని, షటర్ చప్పుడు ఆపెయ్యాలని, సూర్యుడు లేచిన మొదటి అరగంట వెలుగు వదులుకోకూడదని.

పన్నెండో రోజు నక్క నా ముందు నుంచి నడిచి వెళ్లింది. కెమెరాలో చూపిస్తే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఇది ఆడదండి. పోయినేడు కుక్కలు ఆ చెవి చింపేశాయి. ఇప్పుడు పిల్లల్ని పెట్టింది." గొంతు తగ్గించి, కాస్త అవతల ఎండిపోయిన చెరువు కేసి చూపించింది. "ఆ గట్టులోనే బొరియ. ముందు రెల్లు దుబ్బు ఉంది చూశారా, దాని చాటున. మీకని చెప్తున్నాను. ఇక్కణ్ణించే చూసుకోండి, అటు మాత్రం వెళ్లకండి."

"వెళ్లనక్కా" అన్నాను.

అప్పుడే కాకినాడలో ఫొటోగ్రాఫర్ల సంఘంవాళ్లు ప్రదర్శన పెడుతున్నట్టు కబురొచ్చింది. నక్క పిల్లల ఫొటో పంపాలని నాకు ఆశ. రోజూ సాయంత్రం పిల్లలు బొరియ బయటికి వచ్చేవి. నేను ఆవిడ చెప్పిన దూరంలోనే కూర్చునేవాణ్ణి. ఎన్ని తీసినా ఒక్కో ముఖానికీ అడ్డంగా ఎండు రెల్లు కాడలే.

ఆ రోజు పదింటికి ఆవిడ చేపలకి మేత వెయ్యడానికి పడవ మీద చెరువులోకి వెళ్లింది. నేను షెడ్డు చూరులో ఉన్న ఆవిడ కొడవలి తీసుకుని ఎండు చెరువు గట్టుకి వెళ్లాను. కోసింది ఎంతో కాదు, ఓ చంకెడు. లోపల పిల్లలు కుంయ్‌మంటున్నాయి. రెల్లు కాలవలో పడేసి, కొడవలి మళ్లీ చూరులో దోపేశాను. ఆవిడ చెరువు మధ్య నుంచి నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

సాయంత్రం నాలుగు పిల్లలూ బయటికొచ్చాయి. ఒకటి సూటిగా నాకేసి చూసింది. అంత మంచి ఫొటో నా జన్మలో తియ్యలేదు. కాసేపటికి తల్లి వచ్చింది. రెల్లు లేని చోట ఆగిపోయి, ముందు కాలు ఎత్తి, అలాగే నిలబడింది. అదీ తీశాను.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆవిడ ఎండు చెరువు గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన నక్కపిల్ల చచ్చిపడి ఉంది. తల్లి తెల్లారుతూనే పిల్లల్ని ఒక్కొక్కటే నోట కరుచుకుని కాలవ అవతల చెరుకు తోటలోకి మార్చిందట. మూడు చేరాయి. నాలుగోదాని కోసం వచ్చేలోపు కుక్కలు వచ్చాయి.

"బాబాయ్ కోసేశాడండీ రెల్లు" అంది ఆవిడ. "పశువుల పాక నేస్తున్నాడు కదా."

బాబాయ్ అంటే ఆ గట్ల మీద రోజూ గేదెలకి గడ్డి కోసుకునే పెద్దాయన. మాటల్లోనే కొడవలి చేత్తో పట్టుకుని సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఆవిడ లేచి అందుకుంది.

"నీ పాకకి ఈ రెల్లే దొరికిందా బాబాయ్? అటు పోవద్దని చెప్పానా లేదా?"

"నేనెందుకు కోస్తానే? నా గేదెల మీద ఒట్టు, నేను అటు పోలేదు."

"మరి దానంతటదే కోసుకుందా? కొడవలి నీ చేతిలోనే ఉందిగా!"

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు రోజూ ఇక్కడే ఉంటారుగదండీ. మీరే చెప్పండి. నేను అటెళ్లడం మీరు చూశారా?"

"నేను చూళ్లేదండీ" అన్నాను.

పైకి అది నిజమే. కానీ ఏమో, వెళ్లాడేమో అన్నట్టు దాన్ని పలికాను. ఇద్దరూ అలాగే అర్థం చేసుకున్నారు. ఆవిడ ఆ రోజే గట్టు మొదట్లో తుమ్మకంప అడ్డం వేసింది. అప్పటి నుంచి పెద్దాయన గడ్డిమోపు సైకిలుకి కట్టుకుని రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. మా మేడ మీద నుంచి కనిపించేవాడు. కొన్నాళ్లకి నేను పొద్దున పూట మేడ ఎక్కడం మానేశాను.

నాకేసి చూసిన పిల్ల ఫొటో పంపితే కాకినాడలో మొదటి బహుమతి వచ్చింది. బహుమతులిచ్చే సభలో, ఊళ్ల దగ్గర తిరిగే నక్కల్ని ఫొటో ఎలా తియ్యాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. గాలి సంగతి, బట్టల సంగతి, ఆవిడ చెప్పినవన్నీ నేను కనిపెట్టినట్టే చెప్పాను. ఆఖరున, "పిల్లలున్న బొరియ దగ్గర గడ్డిపోచ కూడా కదపకూడదు" అని కూడా అన్నాను. నా నోటితోనే అన్నాను.

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "మరి ఇంత క్లియర్‌గా ఎలా వచ్చిందండీ? అడ్డంగా ఒక్క పోచ కూడా లేదు."

"ఓపికమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో కూర్చున్నాక గానీ నాకు సిగ్గు వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే గట్టుకి వెళ్లాను. ఆవిడ వల బాగుచేసుకుంటోంది. నిలబడే చెప్పేశాను.

"ఆ రెల్లు కోసింది నేనక్కా. మీ కొడవలితోనే."

ఆవిడ తెగిన కన్ను ముడేసి దారం కొరికింది. "నాకెందుకండీ చెప్తున్నారు?" అంది. "నేను తిట్టింది ఆయన్ని. వెళ్లి ఆయనకి చెప్పండి."

పెద్దాయన పాకలో పాలు పితుకుతున్నాడు. నేను చెబుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. అయ్యాక చెంబు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"ఆ రోజు మిమ్మల్ని అడిగాను."

"అడిగారండీ."

"ఆవిడ తిట్టిందని కాదండీ నా బాధ. చదువుకున్నోరు, మీరు కూడా కాదని గట్టిగా అనలేదు. పెద్దతనం కదా, నిజంగానే కోసేసి మర్చిపోయానేమోనని రెండ్రోజులు నా మీద నాకే అనుమానం వచ్చిందండి. మా ఆవిణ్ణి కూడా అడిగాను, రెల్లేమైనా తెచ్చానేంటీ అని."

ఆయన భార్య రెండు గ్లాసులతో కాఫీ తెచ్చింది. "తాగండి, చల్లారిపోద్ది" అన్నాడాయన. వద్దనే అర్హత కూడా లేదనిపించి తాగాను.

ఆ సాయంత్రమే ఆవిడ తుమ్మకంప తీసేసి, పెద్దాయన ఇంటికెళ్లి మాట్లాడి వచ్చిందని విన్నాను. నేను బహుమతి వెనక్కి పంపేస్తానని సంఘానికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "నాలుగు గడ్డిపోచలకేనా సార్?" అని నవ్వాడు కార్యదర్శి. షీల్డు పార్సిల్ చేసి పంపేశాను. ఫొటోని మాత్రం వాళ్లు సంఘం ఆఫీసు గోడ మీద నుంచి తియ్యలేదని ఈమధ్య అక్కడికి వెళ్లిన స్నేహితుడు చెప్పాడు. కింద నా పేరు కూడా ఉందట.