గోడలో టక్ టక్

మా పెద్దమామ రాజలింగు కర్రతో తట్టి, చెవిపెట్టి వినందే దేన్నీ నమ్మడు.

మా ఆయన సన్నీకి ఆయన పెదనాన్న. బొగ్గుబాయిలో ముప్పైనాలుగేళ్లు సర్దార్‌గా చేశాడు. కార్మికులు లోపల అడుగు పెట్టేముందు పైకప్పు తట్టి చూడటం ఆయన పని. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే కూలేది. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. పుచ్చకాయంటే సరే, బస్సు మెట్టునూ తడతాడు, డాక్టరు బల్లనూ తడతాడు. మా పెళ్లిలో సన్నీ తాళి పట్టుకుని నిలబడితే, "జర ఆగుండ్రి" అని పందిరి గుంజలన్నీ తట్టొచ్చాడు. ముహూర్తం దాటుతోందని మొత్తుకున్న అయ్యగారి పీటనూ వదల్లేదు.

కాపురానికొచ్చిన కాలనీ మాత్రం నవ్వొచ్చే చోటు కాదు. మధ్యాహ్నం రెండైతే నైట్ షిఫ్ట్ వాళ్లంతా తలుపులేసుకుని పడుకుంటారు. పట్టపగలు వీధి నిండా ఎండే, మనిషి జాడ ఉండదు. ఇళ్ల కింద ఎప్పుడో మూసేసిన బాయి. ఒక్కోసారి వంటింట్లో గిన్నెలు వాటంతటవే గలగలమంటాయి.

"గా బాయిల ఒకడు మిగిలిపోయిండు బిడ్డా. తొవ్వ దొరకక తడుతుంటడు," అని పక్కింటి దేవవ్వ మొదటిరోజే చెప్పింది.

పెళ్లయి పన్నెండు రోజులు. మేమింకా ముద్దు పెట్టుకోలేదు. ఉన్నది ఒక గది, వంటిల్లు, మధ్యలో తలుపు లేదు, అత్తా మాతోనే. సన్నీకి ఇరవయ్యారు, నాకు ఇరవై నాలుగు, అనుభవం ఇద్దరికీ సున్నా. అత్త తారాబాయి కూరగాయలకు వెళ్లిన మధ్యాహ్నం ధైర్యం చేశాం.

"నిఖితా, ముక్కులు అడ్డం రావా?"

"నాకేం ఎర్క?"

"కండ్లు మూసుకోవాల్నా?"

"మూస్కో."

మూసుకున్నాడు. అతని ఊపిరి నా చెంపకు తగిలింది. అప్పుడే గోడలోంచి వినిపించింది. టక్. టక్. టక్.

సన్నీ ఒక్క గెంతులో వంటింట్లో పడ్డాడు. "వాడే!"

మర్నాడూ అంతే. మూడోనాడు చప్పుడు నేల కిందినుంచి వచ్చింది. అరలో గ్లాసు వణికింది. గదిలో గాలి ఆడటం ఆగిపోయినట్టనిపించింది.

"మనం దగ్గరైతే వానికి నచ్చుతలేదు," అన్నాడు సన్నీ, చెమటలు తుడుచుకుంటూ.

ఇతనిక ఈ జన్మలో నన్ను ముట్టడని నాకు ఏడుపొచ్చింది. కిటికీ రెక్క కొంచెం తెరిచి చూశాను.

అరుగు మీద పెద్దమామ! కర్రతో ఒకసారి మా గోడను, ఒకసారి అరుగును కొడుతున్నాడు. ఎదురుగా సంచితో అత్త.

"ఆగు తారాబాయి. కప్పు డొల్ల పలుకుతుంది. గంట దాక లోపలికి పోవద్దు."

"అయ్యో, పిల్లలు లోపలున్నరు గద బావా!"

"వాళ్ల దిక్కు గట్టిగనే ఉన్నది."

"మూడొద్దులసంది గిదే మాట చెప్తున్నవ్!"

ఆయన గొంతు తగ్గించాడు. "మా పెండ్లయినంక గిసొంటి గదిలనే ఎనిమిది మందిమి ఉంటిమి. ఆర్నెల్ల దాక మీ అక్క మొఖం సక్కగ సూడలే. పిల్లలకు గంట దొరకనియ్యి."

అత్త సంచి తీసుకుని దేవవ్వ ఇంటికి నడిచింది.

నేను కిటికీ మూశాను. భయమంతా పోయి, ఆ ముసలాయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఏమున్నది బయట?" అన్నాడు సన్నీ.

"ఏం లే," అని, నేనే ముద్దు పెట్టేశాను.

సాయంత్రం చాయ్ ఇస్తే పెద్దమామ నేలవైపే చూస్తూ అందుకున్నాడు. సిగ్గుపడాల్సింది మేము. ఎర్రబడినవి మాత్రం ఆయన చెవులు.